తూము పక్క మీటరు: చెరువు కట్ట మరమ్మతు, సైటులోనే శిక్షణ - ఒక కేస్ స్టడీ

తెగిన చెరువు కట్టల దగ్గర నిలబడి చూస్తే గండి ఎక్కువగా మూడు చోట్లే కనిపిస్తుంది. మత్తడి (చెరువు నిండితే నీరు పొర్లే అలుగు) పక్కగోడ దగ్గర, వెనకటి గండిని పూడ్చిన చోట, తూము మీద. మూడూ అతుకులే. కొత్త మట్టి పాత మట్టిని, లేదంటే మట్టి రాయిని కలిసే చోట్లు. వందల ఏళ్లుగా నిలబడ్డ కట్ట నడుమ మాత్రం చెక్కు చెదరకుండా ఉంటుంది. అందుకే ఈ కేసులో కట్ట మొత్తం గురించి తక్కువగా, తూము గొట్టానికి అటూ ఇటూ ఉండే ఒక్క మీటరు మట్టి గురించి ఎక్కువగా రాస్తున్నాం. ఆ మీటరు దగ్గర నిలబడేది ఈఈ, డీఈఈ లాంటి పై ఇంజనీర్లు కాదు. వర్క్ ఇన్‌స్పెక్టరు, లష్కరు (తూములు ఎత్తి దించే కాపలా మనిషి), కాంట్రాక్టరు సూపర్‌వైజరు, ర్యామర్ (మట్టిని దిమ్మిస కొట్టే యంత్రం) పట్టుకున్న కూలీ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నీటిపారుదల శిక్షణ సంస్థ వాలంతరిలో ఏఈలకు (అసిస్టెంట్ ఇంజనీర్లకు) ఇచ్చే శిక్షణ వీళ్ల దాకా దిగాలంటే క్లాసు కట్ట మీదే పెట్టాలి. ఈ పని నడిచిన పద్ధతి అదే.

ముందే ఒక మాట. ఇది ఒకే చెరువు కథ కాదు. వరంగల్, ములుగు, మహబూబాబాద్ వైపు చెరువుల పనుల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే సంగతులను శిక్షణ కోసం ఒక మాదిరి చెరువు మీదికి తెచ్చి, లెక్క తేలిగ్గా పట్టుబడేలా కొలతలు సరిచేసి రాసింది. అందుకే ఊరి పేరు లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే వాన తీరు మారింది. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అదే వారంలో వరంగల్ నగరంలో భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి పడింది. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. 2021 నాటి డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్లు దాటిన డ్యాములకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. ఆరు మీటర్ల ఊరి చెరువు దాని కిందికి రాదు. మిషన్ కాకతీయ కింద లెక్కకు వచ్చిన 46,531 చెరువుల్లో చాలావాటిని కాపాడాల్సింది చట్టం రాసిన తనిఖీ కాదు, ఆ సెక్షన్ సిబ్బంది కళ్లే.

చెరువు, దాని జబ్బు

తూము సిల్ (నోటి అడుగు అంచు) మట్టం 100.00 మీటర్లుగా తీసుకుందాం. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండిన మట్టం) 103.60, గరిష్ట వరద మట్టం 104.20, కట్ట పైమట్టం 105.70. తూము దగ్గర బయటి నేల 99.80. అంటే అక్కడ కట్ట ఎత్తు 5.9 మీటర్లు. పైన వెడల్పు 3 మీటర్లు, లోపలా బయటా 2:1 వాలు, అంటే ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్లు అడ్డం. అడుగున 26.6 మీటర్లు. తూము గొట్టం పాతకాలపు రాతి పలకలది, సున్నంతో అతికింది.

చెరువు నిండాక తూము తలుపు పూర్తిగా దించినా బయటి నోటి దగ్గర నీళ్లు ఆగలేదు. గొట్టం లోంచి కొంత, గొట్టం పక్కనున్న మట్టిలోంచి కొంత. పది లీటర్ల బకెట్ 8 సెకన్లలో నిండింది, అంటే సెకనుకు 1.25 లీటర్లు. ఇది పెద్ద ధార కాదు. కానీ నీళ్లు ఎర్రగా వచ్చాయి. తేట నీళ్లు ఎంత వచ్చినా ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. రంగు తిరిగిన నీళ్లు కొంచెమే వచ్చినా వ్యవధి లేదు, ఎందుకంటే ఆ రంగు కట్ట లోపలి మట్టిది. పైన, సరిగ్గా తూము గీత మీద, కట్ట నడినెత్తిన గంప వెడల్పున చిన్న గుంట దిగింది. వాన నీరు నిలిచి కుంగిందని అందరూ అనుకునే గుంట అది. నిజానికి కింద పలకల అతుకుల్లోంచి మట్టి గొట్టంలోకి జారి, ఆ ఖాళీ పైదాకా ఎక్కింది.

ఇక్కడే మొదటి పాఠం. ఈ కట్ట పటం తీసి హైడ్రాలిక్ గ్రేడియంట్ గీత (కట్ట లోపల ఊరే నీరు దిగే వాలు గీత) గీస్తే తప్పేమీ దొరకదు. ఎఫ్‌టీఎల్ దగ్గర నీటి ఎత్తు 3.8 మీటర్లు. మామూలు మట్టికి 4కు 1 చొప్పున దించితే గీత 15.2 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. నీరు కట్టను తాకిన చోటు నుంచి బయటి కాలి అంచు (బయటి వాలు నేలను కలిసే చోటు) దాకా 19 మీటర్లు ఉంది. గీత నేలను తాకే చోట దాని మీద ఇంకా 1.9 మీటర్ల మట్టి ఉంది. ఒక మీటరు చాలనుకుంటే ఇది ధారాళంగా సరిపోయినట్టే. గరిష్ట వరద మట్టం పెట్టి గీస్తే మాత్రం గీత కాలి అంచుకు 20 సెంటీమీటర్ల లోపల తేలుతుంది. కాలి దగ్గర రాతి డ్రెయిన్ తప్పదని అది చెబుతోంది, అంతకుమించి భయపడాల్సింది లేదు. మరి బుంగ, అంటే కట్టలోంచి నీరు పారే రంధ్రం, ఎలా పడింది? ఆ గీత ఒకే తీరుగా బిగిసిన మట్టికి గీసింది. గొట్టం గోడకూ మట్టికీ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు ఉంటే నీటికి 4కు 1 తెలియదు. లోపలి ఒత్తిడి దాదాపు తగ్గకుండా బయటి నోటి దాకా వస్తుంది. సెక్షన్ సరిపోయిందని ఫైలు మూసేసిన చెరువులే ఇలా దెబ్బతింటాయి.

ఆ రాత్రి చేయాల్సింది, చేయకూడనిది

బుంగ కనబడగానే ఊరు ఊరంతా చేసే పని బయటి నోట్లో ఇసుక బస్తాలు, బంకమట్టి కుక్కడం. నీళ్లు ఆగినట్టే కనిపిస్తాయి. ఆగింది నోరు మాత్రమే. లోపలి ఒత్తిడి అలాగే ఉండి, అరగంటకో గంటకో పక్కన మెత్తగా ఉన్న చోట పొడుచుకొస్తుంది. ఈసారి ఇంకా పెద్దగా. బయట చేయాల్సింది నీటిని ఆపడం కాదు, నీటితో మట్టి రాకుండా చూడటం. ముందు 15 సెంటీమీటర్లు గరుకు ఇసుక, దాని మీద 15 సెంటీమీటర్లు 6 నుంచి 12 ఎంఎం చిప్స్, ఆ పైన 20, 40 ఎంఎం కంకర, చివర బరువుకు బండరాళ్లు. ధార బలంగా ఉండి ఇసుక కొట్టుకుపోతుంటే ముందు కంకర పోసి వేగం చంపి, అప్పుడు ఇసుకతో మొదలుపెట్టాలి. ఇసుక బస్తాలు మిగిలితే ఆ చుట్టూ గుండ్రంగా గోడలా పేర్చి లోపల నీళ్లు నిలబెట్టాలి. బయటి నీరు ఎంత ఎత్తు లేస్తే లోపలి తోపుడు అంత తగ్గుతుంది.

లోపలి వైపు నోరు వెతకడానికి తూము చుట్టూ నీటి మీద ఊక చల్లాలి. సుడి ఉంటే ఊక అక్కడికే చేరి తిరుగుతుంది. ఆ చోట టార్పాలిన్ పరిచి, అంచులకు ఇసుక బస్తాలు కట్టి దించాలి. ఎవర్నీ నీళ్లలోకి దూకనివ్వొద్దు. ఈతగాడైనా సరే, సుడి దగ్గర కాలు లాక్కుపోతే తాడు కూడా కాపాడలేదు. ఇక నీటి మట్టం దించడానికి మిగిలిన తూములు ఎత్తాలి. బుంగ పడిన తూమును ఎత్తొద్దు. గొట్టంలో వేగం పెరిగితే అతుకుల్లోంచి మట్టిని ఇంకా గుంజుతుంది.

బుంగ నుంచి వచ్చే నీటిని రోజూ కొలవడానికి 90 డిగ్రీల వీ-నాచ్ రేకు, అంటే వీ ఆకారంలో గాడి కోసిన రేకు, ఒకటి చాలు. దాని మీద నీటి మందం 6 సెంటీమీటర్లయితే సెకనుకు సుమారు 1.2 లీటర్లు, 8 అయితే 2.5. రెండు సెంటీమీటర్ల తేడా కంటికి ఆనదు, నీళ్లు మాత్రం రెట్టింపవుతాయి. "నిన్నటి లాగే ఉంది సార్" అని ఫోనులో చెప్పే లష్కరుకు ఈ రేకు ఎందుకో విడమరిచి చెప్పాలి.

విప్పడం

యాసంగి నీళ్లు అయిపోయి చెరువు అడుగంటాక గొట్టం లోపలికి వెదురు గడకు ఫోన్ కట్టి, టార్చి వెలిగించి వీడియో తీయాలి. మనిషిని దూర్చొద్దు. లోపల గాలి ఆడక ప్రాణం పోతుంది. వీడియోలో పలకల అతుకులు వేలు పట్టేంత తెరుచుకుని, వాటిలోంచి తుమ్మ వేర్లు దిగి కనిపించాయి. గ్రౌటు (పల్చటి సిమెంటు) కొట్టి సరిపెట్టే దశ దాటింది. గొట్టం మార్చాల్సిందే.

కోత ఎంత వాలుగా తవ్వాలన్నది ఈ పనిలో అన్నిటికంటే ఖర్చుతో ముడిపడ్డ నిర్ణయం. ఎస్టిమేట్లలో సాధారణంగా 1:1 రాస్తారు. అడుగున 3.3 మీటర్ల వెడల్పు, 5.9 మీటర్ల లోతు, 1:1 అంచులతో లెక్కేస్తే తవ్వకం 666 ఘనపు మీటర్లు. 2:1 తవ్వితే 1,045. మట్టి సగానికి పైగా పెరుగుతుంది, ఎస్టిమేట్ తిరగరాయాలి, పై ఆఫీసు ప్రశ్నలు వేస్తుంది. అయినా 2:1 కోసమే పట్టుబట్టాలి. నిటారు కోతలో పోసిన కొత్త మట్టి దిగేటప్పుడు అంచులు పాత మట్టికి కరుచుకుని వేలాడతాయి, నడుమ కుంగుతుంది. రెంటి మధ్యా అడ్డంగా నెర్రె విచ్చుతుంది. ఆ నెర్రె బయటికి కనిపించదు. మరుసటి ఏడు నీళ్లే దాన్ని వెతుక్కుంటాయి. జేసీబీ వదిలిన నున్నటి అంచును అలాగే ఉంచకుండా 30 సెంటీమీటర్ల మెట్లుగా చెక్కి, పోసే ముందు తడిపి, గడ్డపారతో గరుకు చేయాలి.

కొత్త గొట్టం 600 ఎంఎం ఎన్‌పీ3 రకం హ్యూమ్ పైపు, అంటే కాంక్రీటు గొట్టం. ఆయకట్టు నీటికి అంత అక్కర్లేదు, పూడిక తీయడానికి వీలుండాలని ఆ సైజు. చుట్టూ ఎం20 కాంక్రీటు, మొత్తం ఎత్తు 1.2 మీటర్లు, అడుగున 1.3 మీటర్లు, పైన 1.06. పక్కలు నిటారుగా కాకుండా పదికి ఒకటి చొప్పున లోపలికి వాలాయి. ఈ చిన్న వాలు షట్టరింగ్ మేస్త్రీకి విసుగు, మట్టికి వరం. పైనుంచి ర్యామర్ కొట్టిన ప్రతిసారీ మట్టి కాంక్రీటు గోడకు ఒత్తుకుంటుంది, దిగేకొద్దీ ఇంకా బిగుస్తుంది. నిటారు గోడ దగ్గర దిగే మట్టి గోడను వదిలేస్తుంది.

గొట్టం చుట్టూ పళ్లెంలా కాంక్రీటు కాలర్లు కట్టే అలవాటు మన డ్రాయింగుల్లో ఇంకా ఉంది. నీటి దారి పొడవు పెంచుతుందన్నది దాని వెనక ఆలోచన. పనిలో జరిగేది వేరు. ప్రతి కాలరుకూ రెండు మూలలు, ఆ మూలల్లో ర్యామర్ పాదం పట్టదు, మట్టి గుల్లగా మిగిలిపోతుంది. అమెరికాలో బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ లాంటి సంస్థలు 1980ల నుంచే కాలర్లను వదిలి ఇసుక ఫిల్టర్ డయాఫ్రం (నీటిని వదిలి మట్టిని ఆపే ఇసుక పొర) వైపు మారాయి. ఈ మాదిరి పనిలోనూ కాలర్ల బదులు గొట్టం పొడవులో బయటి మూడో వంతు దగ్గర 90 సెంటీమీటర్ల మందాన ఇసుక పొర గొట్టాన్ని చుట్టూ కప్పేలా పెట్టి, దాని అడుగు నుంచి కాలి డ్రెయిన్ దాకా కంకర దారి ఇచ్చాం.

ఆ ఇసుక ఏ వాగుదైనా సరే, కడిగిందై ఉండాలి. పరీక్షకు ల్యాబు అక్కర్లేదు. తేమ ఇసుకను చిన్న డబ్బాలో గట్టిగా ఒత్తి, పళ్లెంలో బోర్లించి, చుట్టూ మెల్లగా నీళ్లు పోయాలి. ముద్ద కరిగి కుప్పగా జారిపోతే అది ఫిల్టర్ ఇసుక. అలాగే నిలబడితే అందులో ఒండ్రు ఉన్నట్టు. అలాంటి ఇసుక పొర కట్టలో పగులు వచ్చినప్పుడు తానూ పగిలి నిలబడుతుంది, పూడ్చదు. ఈ పరీక్ష లష్కర్లకు చూపిస్తే ఒక్కసారికే గుర్తుండిపోతుంది.

మట్టి ఎంపికలో ఒక్కటే హెచ్చరిక: చౌడు. చూడ్డానికి బంకగా, బిగువుగా ఉంటుంది. వేలి గోరంత ముక్కను గాజు గ్లాసులో బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ (యాసిడ్ కాదు) పోసి వదిలి, పది నిమిషాలకు చూడాలి. ముక్క చుట్టూ పాల మబ్బు లేస్తే ఆ మట్టి తూము పక్కకు పనికిరాదు, ఎంత కుదించినా నీళ్లలో కరుగుతుంది. బోరు నీళ్లతో చేస్తే ఈ పరీక్ష చెడిపోతుంది. బోరు నీళ్లలోని ఉప్పులు మబ్బును లేవనివ్వవు.

పొర, నీళ్లు, ర్యామర్

కాంక్రీటు పోను నింపాల్సిన మట్టి సుమారు 1,007 ఘనపు మీటర్లు. తెచ్చిన ఎర్రమట్టికి ప్రాక్టర్ పరీక్షలో (మట్టి ఏ తేమ దగ్గర ఎంత బిగుస్తుందో చెప్పే ల్యాబు పరీక్ష) గరిష్ట పొడి సాంద్రత సీసీకి 1.92 గ్రాములు, అనుకూల తేమ 12 శాతం. అగ్రిమెంటు అడిగింది ఆ గరిష్ట సాంద్రతలో 98 శాతం కుదింపు. మే నెలలో తవ్విన మట్టిలో తేమ 6 శాతమే ఉంటుంది. మిగతా 6 శాతం అంటే ఎన్ని నీళ్లు? 1,007 ఘనపు మీటర్లకు పొడి మట్టి 1,893 టన్నులు. అందులో 6 శాతం సుమారు 1,14,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు 23. ఎండకు ఎగిరిపోయేదానికి ఇంకో నాలుగు. ఈ లెక్క సూపర్‌వైజరు చేతనే వేయించాలి. పని మొత్తానికి ఏడెనిమిది ట్యాంకర్లు వచ్చాయంటే మిగతా పరీక్షలు చేయకముందే కట్ట ఎలా ఉందో తెలిసిపోతుంది.

నీళ్లు మట్టి తవ్వే చోటే కలపాలి. ముందు రోజు సాయంత్రం మట్టి గుంటలో తడిపి, కప్పి, తెల్లారి తోడాలి. కట్ట మీద పోసి రోలర్ తోలాక పైనుంచి ట్యాంకర్ కొడితే పైపొర బురదవుతుంది, కింద పొడి పొడిగానే ఉంటుంది. ఆ బురద మీద తర్వాతి పొర పడితే రెంటి మధ్య జారుడు పొర తయారవుతుంది. తేమ చూసే సులువైన పద్ధతి పిడికిలి. మట్టిని గట్టిగా పిసికి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి. పొడైతే తేమ తక్కువ. అరచేతికి అంటితే ఎక్కువ. తూము గోడ పక్కన మాత్రం అనుకూల తేమ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువే ఉంచాలి, మట్టి గోడ గరుకులోకి చొచ్చుకుపోవాలి కాబట్టి.

రోలర్ తిరిగే చోట వదులుగా 20 నుంచి 22 సెంటీమీటర్లు పోసి 15కు దింపాలి. 8 నుంచి 10 టన్నుల రోలర్ ఎనిమిది నుంచి పది సార్లు. మొత్తం 40 పొరలు. రోజుకు మూడు పొరలు దాటితే ఎక్కడో తప్పు జరుగుతున్నట్టే. గోడకు 60 సెంటీమీటర్ల లోపు రోలర్ రాకూడదు. అక్కడ వదులుగా 10 సెంటీమీటర్లు పోసి జంపింగ్ ర్యామర్‌తో 7కు దింపాలి. కాంక్రీటు ఎత్తు 1.2 మీటర్లకు ఒక్కో పక్క 17 పొరలు. రెండు పక్కలా కలిసి లేవాలి, ఒక పొర కంటే తేడా రానివ్వొద్దు. గొట్టం మీద 60 సెంటీమీటర్ల మట్టి పడేదాకా రోలర్ ఎక్కించొద్దు. మీటరు దాటేదాకా వైబ్రేషన్ వేయొద్దు.

ఆ 17 పొరలకే శిక్షణ. తొమ్మిది మంది: ఇద్దరు ఏఈలు, ముగ్గురు వర్క్ ఇన్‌స్పెక్టర్లు, ఇద్దరు లష్కర్లు, కాంట్రాక్టరు సూపర్‌వైజరు, ర్యామర్ నడిపే మనిషి. మొదటి రోజు చేయించేది తప్పుడు పొర. కట్టకు దూరంగా ఖాళీ జాగాలో 60 సెంటీమీటర్ల మందాన పొడి మట్టి పోసి రోలర్ పదిసార్లు తోలించాలి. పైన నడిస్తే సిమెంటు గచ్చులా ఉంటుంది. అందరూ బాగుందంటారు. అప్పుడు 12 ఎంఎం ఇనుప చువ్వ ఇచ్చి చేత్తో దించమనాలి. ఓ జానెడు దాకా ఎదురు తన్ని, ఆ తర్వాత బస్తా బియ్యంలోకి దిగినట్టు దిగిపోతుంది. పారతో కోసి పైన, అడుగున కోర్ (ఉక్కు గొట్టంతో కోసిన మట్టి నమూనా) తీయించాలి. మాదిరి లెక్కలో పైన 1.88, అడుగున 1.62. అంటే 98 శాతం పక్కనే 84 శాతం. జేసీబీ బకెట్‌తో తట్టిన మట్టిలో గట్టి పెచ్చు ఇంకా పలచన.

రెండో రోజు కొలత. ఇక్కడ ఒక పొరపాటును దగ్గరగా చూడాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లే దీన్ని చేస్తారు. కోర్ కట్టర్ 10 సెంటీమీటర్ల వ్యాసం, 12.73 సెంటీమీటర్ల ఎత్తు, సరిగ్గా 1,000 సీసీ. అందులో తడి మట్టి బరువు 2,096 గ్రాములు వచ్చింది. తేమకు ఓవెన్‌లో పెడితే ఒక రోజు పడుతుంది, పొర ఆగదు. అందుకని కార్బైడ్ తేమ మీటరు. ఆరు గ్రాముల మట్టి, కార్బైడ్ పొడి, ఉక్కు గుండ్లు వేసి మూత బిగించి ఊపితే ముల్లు 10.3 దగ్గర ఆగింది. లెక్క వేసిన ఏఈ 2.096ను 1.103తో భాగించాడు. 1.900 వచ్చింది. 1.92తో పోలిస్తే 99 శాతం. పాసు, తర్వాతి పొర వేయొచ్చు. కానీ ఆ మీటరు చూపించేది తడి మట్టి బరువులో నీటి శాతం. మనకు కావలసింది పొడి మట్టి బరువు మీద శాతం. 10.3ను 89.7తో భాగిస్తే 11.5. ఇప్పుడు 2.096ను 1.115తో భాగించాలి. 1.880. అంటే 97.9 శాతం. ఫెయిల్. ఇంకో రెండుసార్లు ర్యామర్ తిప్పితే సరిపోయే ఫెయిలే, కానీ లెక్క తప్పితే ఆ రెండుసార్లు తిరగదు. మీటరు పెట్టె మూత లోపలి వైపు "వంద లోంచి తీసేసి భాగించాలి" అని రంగుతో రాసి పెట్టించడం మంచి పని. మీటరు మూత విప్పేటప్పుడు ముఖానికి దూరంగా పట్టుకోవాలి, దగ్గర్లో బీడీ ఉండకూడదు. లోపలున్నది అసిటిలిన్.

మట్టిలో మొరం గులకలు ఎక్కువైతే కోర్ కట్టర్ వదిలేసి ఇసుక పోసే పద్ధతికి మారాలి. గులక అంచుకు తగిలితే కట్టర్ పక్కకు లాగి మట్టిని కదిలించేస్తుంది, వచ్చే అంకె దేనికీ పనికిరాదు.

మూడో రోజు తొమ్మిది మందీ ఒకే పొర మీద ఎవరి పరీక్ష వాళ్లు చేయాలి. అంకెలు పక్కపక్కన బోర్డు మీద రాస్తే ఎవరి చేయి ఎక్కడ తప్పుతోందో వాళ్లకే కనిపిస్తుంది. సాధారణంగా తేలేది ఇది: కట్టర్ అంచు దాకా మట్టిని సమంగా కోయడంలో లష్కర్ల చేయి నిదానం, లెక్కలో ఏఈలు వేగం. ఒకరి పరీక్షను ఇంకొకరు చూసేలా జంటలు కట్టడం అక్కడి నుంచే మొదలవుతుంది. ర్యామర్ మనిషికి పరీక్ష వేరు. కళ్లు మూసుకుని శబ్దం వినాలి. వదులు పొర మీద మెత్తగా దబదబమంటుంది, బిగిసిన పొర మీద టంగుమని తిరిగి లేస్తుంది. ఆ శబ్దం వచ్చేదాకా కదలొద్దని చెబితే చాలు, సార్లు లెక్కపెట్టనక్కర్లేదు.

రిజిస్టరు

ఎం-బుక్ (బిల్లు కోసం కొలతలు రాసే పుస్తకం) ఘనపు మీటర్లను కొలుస్తుంది. సాంద్రతను కొలవదు. బిల్లు దేని మీద పడితే సైటులో అదే పెరుగుతుంది. ఇది ఎవరి దురాశ గురించీ కాదు, పద్ధతి నేర్పే పాఠం గురించి. అందుకే పొరల రిజిస్టరు వేరుగా పెట్టి, ఎం-బుక్ ఎంట్రీలో ఆ రిజిస్టరు పేజీ నంబరు రాయనిదే కొలత ఎక్కించకూడదన్న నియమం పెట్టాలి. పొర నంబరు, మట్టం, ఏ పక్క, ట్యాంకర్లు, తేమ, సాంద్రత, ఎవరు చూశారు. లెవెలింగ్ స్టాఫ్ కనిపించేలా ఒక ఫోటో. రాత్రి పోసిన పొర ఉంటే తెల్లారి తీయించాలి. మొదటిసారి తీయిస్తే గొడవవుతుంది, రెండోసారి ఆ అవసరం రాదు.

ఆగి తీరాల్సిన చోట్లు కొన్నే. అడుగు తేలాక, కాంక్రీటు పోసే ముందు, ఏడు రోజుల క్యూరింగ్ అయ్యాక మొదటి పొరకు ముందు, ఇసుక డయాఫ్రం కప్పేముందు, గొట్టం నెత్తి దాటినప్పుడు. ఈ ఐదు చోట్లా ఏఈ సంతకం లేకుండా పని కదలకూడదు. వీటిలో డయాఫ్రం దగ్గరే ఎక్కువ జారిపోతుంది. ఇసుక మీద టిప్పర్ టైర్ల మట్టి పడి ఎర్ర చార మిగిలితే ఆ చార దగ్గర ఫిల్టర్ తెగినట్టే. చేత్తో గీకి తీయాలి.

రోజుల లెక్క ఇలా ఉంటుంది: కోతకు నాలుగు, అడుగుకు ఒకటి, కాంక్రీటు, క్యూరింగ్‌కు పది, నింపడానికి పద్నాలుగు, రాతి పేర్పుకు నాలుగు. 33 రోజులు, ఒక్క వాన పడకపోతే. ఏప్రిల్ 25 దాటాక కట్ట కోయడం మొదలుపెట్టొద్దు. మిరుగం (మృగశిర కార్తె) నాటికి కోసిన కట్ట నోరు తెరుచుకుని ఉంటే ఆ ఏడు చెరువును వదులుకోవాలి, లేదా కట్టను. టెండరు ఆలస్యమైతే ఒక ఏడాది ఆగి, తూమును లోపలి నుంచి బంకమట్టితో మూసి, చెరువును ఎఫ్‌టీఎల్‌కు మీటరు తక్కువలో ఉంచడం నయం. రైతులు ఒప్పుకోరు. కూర్చుని మాట్లాడాలి.

మొదటి నిండు

మొదటి ఏడాది నీళ్లు ఎంత మెల్లగా ఎక్కితే కట్టకు అంత మేలు. కొత్త తూము ఎత్తి పెట్టి కొంత నీరు వదులుతూ, ఎత్తు పెరుగుదలను పట్టి ఉంచాలి. వాగు ఒక్క రాత్రిలో నింపేస్తే చేయగలిగింది కాపలాయే. ఇద్దరు, టార్చిలు, అరగంటకోసారి బయటి కాలి వెంట నడక. మట్టి మీద కాలు మెత్తగా దిగుతోందా, గడ్డి లేని చోట తడి మెరుస్తోందా, నీటి రంగు ఏమిటి. ఇవి మూడే చూడాలి. కట్ట పైనుంచి బండి మీద వెళ్లి చూసింది చూసినట్టు కాదు.

ఈ మాదిరి చెరువు మత్తడి దుంకిన రోజున డయాఫ్రం డ్రెయిన్ దగ్గర వీ-నాచ్ మీద 3 సెంటీమీటర్లు నిలిస్తే, సెకనుకు 0.2 లీటర్లు, అది తేటగా ఉంటే, మట్టం మారనంత కాలం అంకె కూడా మారకుండా ఉంటే ఫిల్టర్ తన పని తాను చేస్తున్నట్టు. డ్రెయిన్ పూర్తిగా ఎండిపోయి ఉంటే సంతోషించొద్దు. నీరు వేరే దారి పట్టిందేమో కాలి వెంట రెండు వైపులా వంద మీటర్లు నడిచి చూడాలి. అంతా బాగుంటే రోజూ ఉదయం అంకె రాయాలి, నీళ్లు తగ్గేదాకా.

ఇదే కట్టకు నాలుగు వందల మీటర్ల అవతల రెండో తూము ఉంది. అదే రాతి పలకల గొట్టం, అదే సున్నం, నెత్తిన ఒక తుమ్మ చెట్టు. ఈ ఎండాకాలం ఎస్టిమేట్‌లో అది లేదు. దాని బయటి నోటి దగ్గరా ఒక వీ-నాచ్ రేకు బిగించి, తుమ్మ చెట్టును వేరుతో పెకలించకుండా మొదలు దాకా కొట్టించి, వచ్చే యాసంగి ముగియగానే వీడియో తీయాల్సిన చెరువుల జాబితాలో మొదటి వరుసలో రాసి పెట్టాలి.